సంఖ్య లేని ఆగు

2022 ఆగస్టు పద్నాలుగు, ఆదివారం. ఆ సాయంత్రం కృష్ణచైతన్య తిన్నది గోంగూర పులిహోర. డబ్బా తనది కాదు. తన వాటాకి ఎన్ని వేరుశనగపప్పులు వచ్చాయో ఇప్పటికీ చెప్పగలడు గానీ అడిగేవాళ్ళు లేరు.

గుంటూరు నుంచి మాచర్ల పోయే ప్యాసింజర్ నల్లపాడు దాటేసరికి వాన అందుకుంది. కిటికీ దించితే ఉక్క, ఎత్తితే జల్లు. పెట్టెలో సగంమంది దించమంటున్నారు, సగంమంది ఎత్తమంటున్నారు. చైతన్యకి అవేమీ పట్టలేదు. గుంటూరులో కొన్న కంప్యూటర్ విడిభాగాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, దానిమీద లాంగ్ నోట్‌బుక్ పరిచి రాసుకుంటున్నాడు. పేజీ నిండా గళ్ళు, బాణాలు, సెకన్లు.

"అది తప్పు," అంది ఎదుటి సీట్లో అమ్మాయి.

చైతన్య తలెత్తాడు. ఆమె జడ చివర వాన చుక్క ఒకటి పడబోతూ ఆగి ఉంది.

"ఏది తప్పండీ?"

"నీలం తాళంచెవి తీసుకుని మళ్ళీ మొదటి గుహకి ఎందుకొచ్చారంటా? ఎర్రదీపం ముందే తెచ్చుకుంటే ఆ తిరుగుడే ఉండదు."

"మీరు ఇదంతా తలకిందులుగా చదివారా?"

"మా నాన్న పేపరు చేతికివ్వడు. ఎదురుగా కూర్చుని చదవటం చిన్నప్పట్నించీ అలవాటే."

"అండర్‌ల్యాంప్ ఆడారా మీరు?"

"ఇంటర్ సెలవుల్లో మూడుసార్లు అయిపోగొట్టా."

"మూడుసార్లా! నేను మూడొందలసార్లు."

"మూడొందలసార్లూ ఇదే తప్పు చేశారా?"

పక్కన కునుకుతున్న పెద్దాయన కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

అండర్‌ల్యాంప్ పాత కంప్యూటర్ ఆట. దీపం పట్టుకున్న పిల్ల ఒకతె అరవయ్యొక్క గుహగదులు దాటి సముద్రం ఒడ్డు చేరాలి. మామూలు మనిషికి పది గంటలు పడుతుంది. అదే ఆటను ఎంత తక్కువ సమయంలో ముగించగలరో చూసుకునేవాళ్ళు లోకమంతా ఉన్నారు. దాన్ని స్పీడ్‌రన్ అంటారు. మాచర్లలో మాత్రం చైతన్య ఒక్కడే. తన రికార్డు నలభై నాలుగు నిమిషాలు. అందులో పదకొండు సెకన్లు అనవసరపు తిరుగుడని ఈ అమ్మాయి ఒక్క చూపులో తేల్చేసింది.

ఆమె డబ్బా మూత తీసింది. గోంగూర వాసన పెట్టె అంతా లేచింది. పొద్దుటినుంచీ టీ తప్ప ఏమీ ముట్టని చైతన్య కడుపు, వాడి మర్యాద చూడకుండా, గట్టిగానే మూలిగింది.

"తప్పని ఒప్పుకుంటే పెడతా."

"ఒప్పుకున్నా."

"మరీ ఇంత తొందరగానా? స్పీడ్‌రన్ అంటే ఇదేనా?"

డబ్బా మూతలో సగం పెట్టి ఇచ్చింది. నోట్‌బుక్ మీద నూనె మరక పడింది. సత్తెనపల్లి రాగానే సంచీ భుజాన వేసుకుంటూ పేజీ అంచున ఏదో గీకి దిగిపోయింది. బండి కదిలాక చదివాడు. 'నా దారి తప్పని తేలితే ఫోన్ చేసి తిట్టండి. ఇంద్రజ.' కింద నంబరు.

తిట్టడానికి కారణం దొరుకుతుందేమోనని మాచర్ల దాకా లెక్కలు వేశాడు. దొరకలేదు. అయినా ఫోన్ చేశాడు.

ఇంద్రజ హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. చైతన్య నోట్‌బుక్ ఫొటోలు చూసి మూడోరోజుకే చేతులెత్తేసింది.

"కాగితం మీద అయ్యేపని కాదబ్బాయ్. దీనికో టూల్ రాయాలి."

రాసింది. ఏ గదినుంచి ఏ గదికి ఎన్ని సెకన్లు, ఏ తలుపుకి ఏ తాళంచెవి, ఏ దూకుడు పదిసార్లలో ఎన్నిసార్లు కుదురుతుంది, అన్నీ దానికి చెప్పాలి. అది వేల దారులు సరిపోల్చి, వాటిలో మంచిదాన్ని వరసగా పేర్చి ఇస్తుంది. ఆడుతుంటే పక్కనే గడియారంలా నడుస్తుంది. ఒక్కో భాగం కాగానే ముందున్నావో వెనకున్నావో చెబుతుంది. అడుగున 'మొత్తం' అని, ఈ దారిలో పోతే ఎంతలో చేరతావో చూపిస్తుంది. చైతన్య మాచర్లలో ఒక రన్ ఆడితే సత్తెనపల్లిలో ఇంద్రజ ఫోన్ 'టింగ్' అంటుంది.

"ఆటకి ఏడు భాగాలు. పేర్లు పెట్టు," అంది ఒకరోజు ఫోన్లో.

"నల్లపాడు," అన్నాడు చైతన్య.

"ఆఁ?"

"నల్లపాడు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల, మాచర్ల. పట్టాలు మాచర్లతో అయిపోతయ్. ఆట కూడా అక్కడే అయిపోద్ది."

"అంటే రెండో స్టేషన్లోనే నేను దిగిపోవాలన్నమాట."

"నేను దిగమన్లా."

అటునుంచి కీబోర్డు చప్పుడు వినబడింది. టూల్‌కి 'ప్యాసింజర్' అని పేరు పెట్టింది.

సత్తెనపల్లి భాగం చివర ఒక వంతెన ఉంటుంది. దీపం పిల్ల అక్కడ నిలబడితే రెండు సెకన్లకి అది కిందికి దిగుతుంది. అందుకని పక్క గడిలో ఇంద్రజ 'ఆగు 2' అని రాసింది. ప్యాసింజర్ ఆ మాట చదివి రెండుసార్లు టిక్కుమంటుంది. రెండో టిక్కుకి అడుగేయాలి.

గురజాల దగ్గర ఒక కష్టమైన దూకుడు ఉంది. చైతన్యకి పదిసార్లలో మూడుసార్లే కుదిరేది.

"చుట్టూ తిరిగి పో. నాలుగు సెకన్లేగా ఎక్కువ," అనేది.

"దూకుతా. ధైర్యం ఉండాలి."

"మూడుసార్లకి ధైర్యమంటారు. మిగతా ఏడుసార్లకీ మొండితనమంటారు."

తనూ ఒకసారి సరదాగా ఆట మొత్తం ఆడి, ఆ సమయాలను పక్క వరసలో పెట్టింది. ఆ రోజునుంచీ ప్రతి స్టేషన్లోనూ చైతన్యకి 'ఇంద్రజ కంటే 9 సెకన్లు ముందు', 'ఇంద్రజ కంటే 4 సెకన్లు వెనుక' అని కనిపించేది. రోజంతా పాడైన కంప్యూటర్లు విప్పి, సాయంత్రం ఆ వరస చూసుకుంటే చాలు, ఒంట్లోకి గాలి వచ్చినట్టుండేది.

చైతన్య సామాన్ల కోసం గుంటూరు పోయివచ్చినప్పుడల్లా ఆమె సత్తెనపల్లి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేది. బండి అక్కడ ఆగేది రెండు నిమిషాలు. ఆ కాస్త సేపట్లో కిటికీలోంచి డబ్బా చేతులు మారేది, నాలుగు వెక్కిరింతలు మారేవి, ఒక చూపు మాత్రం ఇంకా ఇచ్చిపుచ్చుకోకుండానే బండి కదిలేది.

ఇలా రెండేళ్ళు గడిచాయి.

2024 సెప్టెంబరు పద్దెనిమిదిన చైతన్య ధైర్యం చేశాడు. నోటితో అడగలేక, ప్యాసింజర్‌లో సత్తెనపల్లి గడి కింద టైపు చేశాడు. 'మా నాన్నని తీసుకుని మీ ఇంటికి రావచ్చా?'

మర్నాడు పొద్దున్నే ఒక రన్ ఆడాడు. పూర్తయ్యాక చూస్తే జవాబు వచ్చి ఉంది. అంతకుముందున్న 'ఆగు 2' లో రెండు లేదు. చెరిపేసింది. ఒక్క మాటే మిగిలింది.

'ఆగు'

ఆ మాటని తిప్పి తిప్పి చదివాడు. వీధిలో పిల్లలు హద్దుమీరితే పెద్దవాళ్ళు అనే మాట. ముందుకొచ్చే మనిషిని అరచేయి చూపించి నిలిపే మాట. ఇద్దరి మధ్యా ఉన్న ఆ రెండు సెకన్లు కూడా ఆమె తీసేసుకుంది.

చైతన్య గొడవపడే మనిషి కాదు. వద్దన్న ఇంటి తలుపు రెండోసారి తట్టే మనిషి అసలే కాదు. ఆగిపోయాడు. ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టలేదు. తను ఆడినప్పుడల్లా అక్కడ 'టింగ్' మంటే ఆమెకి ఇబ్బందని, ఆ కంప్యూటర్ వెనక నెట్ వైరు తీసేశాడు. గుంటూరు పోవాల్సి వస్తే బస్సులో పోయాడు.

ఆట మాత్రం మానలేకపోయాడు. 'ఇంద్రజ కంటే 6 సెకన్లు వెనుక' అని చెప్పే మనిషి ఈ లోకంలో ఇంకెవరున్నారు?

ప్యాసింజర్ అడుగున 'మొత్తం' దగ్గర అంకె పోయి ఒక ప్రశ్నార్థకం నిలిచింది. 'మొత్తం: ?' ఆగు అన్న మాట చెరిపేస్తే అంకె తిరిగి వస్తుందని తెలుసు. చెరపలేదు. ఆమె చేతిరాత కాకపోయినా ఆమె చేత్తో కొట్టిన మాట.

పద్నాలుగు నెలలు.

చైతన్య తండ్రి అమరేశ్వరరావు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఆరేళ్ళు. ఇంటి ముందుగదే కొడుకు షాపు. రోజూ తొమ్మిదింటికి వచ్చి మెయిన్ స్విచ్చు ఆపి, తలుపు వేయడం ఆయన పని. కొడుకు ఆడుకుంటూ కనిపిస్తే ఏమీ అనడు. మజ్జిగ గ్లాసు కీబోర్డుకి తగలకుండా దూరంగా పెట్టి పోతాడు.

ఈ నవంబరులో ఒక సాయంత్రం టేబులు వెనక బూజు దులుపుతూ వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఒరేయ్ చైతూ, ఈ నెట్ వైరు ఊడిందేందిరా?"

"ఊడలా నాన్నా. నేనే తీశా."

"ఎప్పుడు?"

"పోయినేడు సెప్టెంబర్లో."

అమరేశ్వరరావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. స్క్రీన్ చూశాడు. "సత్తెనపల్లి, పిడుగురాళ్ళ... రైలు టైంటేబులా ఇది? ఇంద్రజంటే ఎవరు?"

చైతన్య చెప్పాడు. పులిహోర దగ్గర్నించి చెప్పాడు. తండ్రి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

"మరి ఆ అమ్మాయి ఏమంది?"

"ఆగమంది."

"నువ్వేం చేశావ్?"

"ఏం చేస్తా, ఆగిపోయా."

"ఆగటం వేరు, ఆగిపోవటం వేరురా!" అమరేశ్వరరావు గొంతు పెరిగింది. "ముప్ఫై రెండేళ్ళు బస్సులో హోల్డాన్, హోల్డాన్ అని అరిచా. అది విని ఒక్క డ్రైవరన్నా బస్సు దిగి ఇంటికి పోయాడా? ఎవరో ఎక్కుతన్నారు, ఉండమని. ఒక్కోసారి మూటలు మోసుకుంటా ముసలామె వస్తంటది, ఆలస్యమైద్ది. డ్రైవరు అద్దంలో చూసి, ఎంతసేపయ్యా అని అడుగుతాడు. ఆ మాత్రం నువ్వు అడగలా?"

"అడిగితే బాగోదని..."

"మీ అమ్మనిమ్మంటే మీ తాత నన్ను ఆర్నెల్లు ఆగమన్నాడు. నేను ఆ రూటే డ్యూటీ వేయించుకుని, మీ అమ్మోళ్ళ స్టాపులో రోజూ బస్సు రెండు నిమిషాలు ఎక్కువ ఆపించేవాణ్ణి. ప్యాసింజర్లు బూతులు తిట్టేవాళ్ళు." ఆయన ముఖంలో ఆ తిట్లు పూలదండల్లా వెలిగాయి. "ఆగటమంటే అదిరా."

వంగి, వైరు తీసి, చోటు చూసి గుచ్చాడు.

పద్నాలుగు నెలల రన్నులు ఒకదాని వెనక ఒకటి సత్తెనపల్లికి బయల్దేరాయి. చైతన్య కీబోర్డు దగ్గరికి జరిగాడు. ఆ ఒక్క మాట పక్కన రెండేళ్ళపాటు అంకె ఉన్న చోట టైపు చేశాడు.

'ఆగు ఎంతసేపు?'

తండ్రి లోపలికి పోయి పొయ్యి మీద పాలు పెట్టాడు. అవి పొంగకముందే ఫోన్ మోగింది.

"ఏంది?" అంది ఇంద్రజ. పద్నాలుగు నెలల తర్వాత మొదటి మాట.

"ఏం లేదు..."

"ఏం లేకుండానే నాలుగొందల పన్నెండు రన్నులు పంపించావా? మీటింగ్‌లో ఉన్నా. టింగ్ టింగ్ టింగ్. మా మేనేజరు సర్వర్ కూలిందేమోనని భయపడింది."

"నువ్వే ఆగమన్నావుగా."

"ఆగమన్నా. పొమ్మన్నానా?"

"రెండు కూడా తీసేశావు."

"రెండు సెకన్లలో అయ్యేది కాదని తీశా!" అంది. "ఆ తెల్లారే అమ్మ పడిపోయింది. గుండె వాల్వు. ఆస్పత్రి వరండాలో ఒక చేతిలో స్కానింగ్ కాయితాలు, ఒక చేతిలో ఫోను. నీ ప్రశ్న చూసి, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినయ్. ఆపరేషన్ ఎప్పుడో తెలీదు, ఎప్పుడు లేస్తదో తెలీదు. అంకె ఏం రాయను? ఆగు అని మాత్రం రాశా. నీకు అర్థమైద్దనుకున్నా."

"అమ్మగారు ఇప్పుడు..."

"లేచింది. వంటింట్లోకి వస్తంది. నన్ను తిడతంది కూడా. అంటే బాగున్నట్టే." ఆమె ఊపిరి పీల్చుకుంది. "నా ప్రోగ్రామ్‌కి అర్థమైంది, నీకు కాలా? ఆపమనుంటే మొత్తం సున్నా చూపించేది. ప్రశ్నార్థకం చూపించిందంటే ఎంతసేపో తెలీదు, లెక్క మాత్రం నడుస్తానే ఉందని!"

"నువ్వైనా ఒక్కసారి..."

"చూడలేదనుకున్నావా? అమ్మకి కాస్త నిమ్మళించాక రోజూ చూశా. చివరి రన్ సెప్టెంబరు పంతొమ్మిది. రోజూ అదే. ఆట వదిలేశాడు, నన్నూ వదిలేశాడనుకున్నా."

అటువైపు మౌస్ చప్పుడు. ఆమె రన్నులు తెరిచి చూస్తోంది.

"చైతన్యా."

"ఊఁ."

"ఇదేంది? అన్ని చోట్లా నాకంటే ముందున్నావు. గురజాలలో దూకుడు కూడా పదిసార్లలో ఎనిమిదిసార్లు కుదురుతంది. ఒక్క సత్తెనపల్లిలోనే ప్రతిసారీ వెనక. ఆరు సెకన్లు, తొమ్మిది, పదిహేను. నాలుగొందల పన్నెండుసార్లు వెనకే. వంతెన దిగట్లేదా?"

"దిగతంది. నేనే పోలా."

"ఎందుకు?"

"టిక్కులు లేవుగా. ఎంతసేపుండాలో తెలీలా. ఉండిపోయేవాణ్ణి."

లోపల పాలు పొంగిన చప్పుడు, తండ్రి ఊదిన చప్పుడు.

"అయితే ఆగావన్నమాట," అంది ఇంద్రజ మెల్లగా. "నీకు తెలీకుండానే."

తర్వాత మాట మార్చింది. "ఈ ఆదివారం నర్సరావుపేట సంబంధం వాళ్ళు వస్తామన్నారు. నాన్న సరే అనబోతంటే కాదన్నా."

"వాళ్ళకీ ఆగమనే చెప్పావా?"

"వాళ్ళకి చెప్పింది ఆగమని కాదు, వద్దని. తేడా నేర్చుకో ఇప్పటికైనా. ఆదివారం ఖాళీగా ఉంది. మీ నాన్నని తీసుకుని రా."

ఆదివారం పొద్దున బండిలో తండ్రీకొడుకులు సత్తెనపల్లిలో దిగారు. ఇంద్రజ తండ్రి నరసింహారావు రైతు. మిరపతోట నుంచి అప్పుడే వచ్చి, స్నానం చేసి, పేపరు వెనక కూర్చున్నాడు. ప్రశ్నలన్నీ పేపరు వెనకనుంచే వచ్చాయి.

"పరుగు పందేలంటగా నీది?"

"పరుగు కాదండీ. కంప్యూటర్లో..."

"కంప్యూటర్లో పరిగెత్తుతావా?"

వంటింటి గడప దగ్గర ఇంద్రజ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"రోజూ అదే ఆట, అదే దారంట. దానివల్ల ఏంది లాభం?"

చైతన్య ఆలోచించాడు. "లాభం ఏం లేదండీ. తెలిసిన దారినే రోజూ ఇంకాస్త బాగా నడవటం. విసుగు పుట్టకుండా."

పేపరు కొంచెం కిందికి దిగింది. పైనుంచి రెండు కళ్ళు కనిపించాయి.

అప్పుడే ఇంద్రజ తల్లి ప్రమీలమ్మ వచ్చింది. గోడ పట్టుకుని నెమ్మదిగా, కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. తన చేత్తోనే నాలుగు ప్లేట్లు సర్దింది. గోంగూర పులిహోర.

"ఆరోజు రైల్లో డబ్బా సగం ఖాళీ చేసింది నువ్వేనా అబ్బాయ్?" అంది. "నా కూతురు ఇంటికొచ్చి, ఆకలే అని గిన్నెలన్నీ వెతికింది."

"తప్పయిపోయిందండీ."

"ఏం తప్పులే. తిను. ఇంకా పెడతా."

అమరేశ్వరరావు తలొంచుకుని తిన్నాడు. ఇలాంటి వంట తన ఇంట్లో ఆరేళ్ళయి లేదని ఎవరికీ చెప్పలేదు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు, అంతే. ప్రమీలమ్మకి ఆ మాట వినబడినట్టే ఉంది. మూడోసారి అడక్కుండానే పెట్టింది.

మధ్యాహ్నం దాకా మిరప ధర దగ్గర్నించి ఆర్టీసీ పాత బస్సుల దాకా మాటలు నడిచాయి. పెళ్ళి మాట మాత్రం నరసింహారావు ఎత్తలేదు. మూడింటికి అమరేశ్వరరావు లేచి, చెప్పుల కోసం చూశాడు.

"మేం బయల్దేరతామండీ."

నరసింహారావు పేపరు నాలుగు మడతలు పెట్టి చైతన్య చేతికిచ్చాడు. ఇంద్రజ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ ఇంట్లో ఆ పేపరు ఇంకొకరి చేతికి పోవడం ఆమె చూడటం అదే మొదలు.

"బండికి టైముందిగా బావగారూ," అన్నాడు నరసింహారావు. "కూర్చోండి, టీ తాగి పోదురు."

బావగారూ. ఆ ఒక్క పిలుపుతో గది మారిపోయింది. వియ్యంకుడు కాబోతే తప్ప చుట్టరికం లేని మనిషిని ఎవరూ అలా పిలవరు. అమరేశ్వరరావు చెప్పులు వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

"ఒక్కటే చిక్కు," నరసింహారావు క్యాలెండరు తిప్పాడు. "మూఢం వస్తంది. ఫాల్గుణం దాకా ముహూర్తాల్లేవు. పిల్లలు ఆగాలి."

చైతన్య, ఇంద్రజ ఒకరినొకరు చూసుకున్నారు. రెండేళ్ళపాటు రైలు కిటికీ దగ్గర ఇచ్చిపుచ్చుకోలేకపోయిన చూపు అది.

"ఎంతసేపు?" అన్నాడు చైతన్య, పైకే.

ఇంద్రజ పగలబడి నవ్వింది. నరసింహారావుకి అందులో నవ్వేదేముందో అర్థం కాలేదు.

మాచర్ల చేరేసరికి పొద్దు పోయింది. చైతన్య షాపులో లైటు వేసి, కంప్యూటర్ ఆన్ చేశాడు. ప్యాసింజర్ తెరిచాడు. సత్తెనపల్లి గడిలో మాట మారి ఉంది.

'ఆగు 7948800'

అడుగున పద్నాలుగు నెలల ప్రశ్నార్థకం లేదు. ఆ చోట అంకె వచ్చింది. చూస్తుండగానే ఒకటి తగ్గింది. మరొకటి తగ్గింది. ప్రతి తగ్గుదలకీ చిన్నగా టిక్కుమంటోంది.

తొమ్మిదింటికి అమరేశ్వరరావు మెయిన్ ఆపడానికి వచ్చాడు.

"ఏందిరా ఆ పెద్ద అంకె?"

"ఫాల్గుణంలో మొదటి ముహూర్తానికి తొంభై రెండు రోజులు నాన్నా. సెకన్లలో."

"అడిగితే చెప్పిందిగా మరి," అన్నాడాయన.

కొడుకు లోపలికి వెళ్ళాడు. అమరేశ్వరరావు స్విచ్చు మీద చెయ్యి వేసి ఆ టిక్కు టిక్కు కాసేపు విన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ కంప్యూటర్‌ని అలాగే వెలుగుతూ ఉండనిచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.